ఎండ దాచుకున్న పండు

దీపాలు చేద్దామని ఫిజిక్సు చదివి, చివరికి దానిమ్మకాయల దగ్గర తేలినదాన్ని నేను. నా పేరు ఓబుళేశ్వరి. అనంతపురం బయట, కళ్యాణదుర్గం రోడ్డు మీద, పళ్ళను ఎన్నాళ్ళు ఎలా నిలవ ఉంచాలో పరిశోధించే చిన్న సంస్థ ఒకటి ఉంది. అందులో వెనకవైపు చీకటి గది నాది. పద్నాలుగేళ్ళుగా చీకట్లో కూర్చుని వెలుగు కోసం దేవులాడుతున్నానని మా అన్నయ్య ఎగతాళి చేస్తాడు. చెయ్యనివ్వండి. ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేది ఇన్సూరెన్సు.

ఈ పద్నాలుగేళ్ళలో నేను తయారుచేసిన వస్తువు ఒక పొర. ఉల్లిపొరకంటే పల్చన. సెమీకండక్టరు పదార్థాన్ని పూత మీద పూతగా పరిచి చేసింది. కరెంటిస్తే లోపలివైపు వెలుగుతుంది. పండుకు చుట్టి మెల్లగా నిమిరితే తొక్కలోని ప్రతి గుంటకీ అతుక్కుపోతుంది. వెలుగు తొక్క దాటి గింజల మధ్యకు పోయి, అక్కడక్కడా తిరిగి, కొంత వెనక్కొస్తుంది. ఆ వెనక్కొచ్చినదాన్ని అదే పొర పట్టుకుని తన బయటివైపు రంగుల్లో చూపిస్తుంది. రంగును బట్టి పండులో తీపి ఎంతుందో, లోపల గింజ నల్లబడిందో లేదో చెప్పొచ్చు. దానిమ్మకు ఆ జబ్బొకటుంది. పైకి నిగనిగలాడుతుంటుంది, కోస్తే లోపల బొగ్గు. కోయకుండా ఆ సంగతి కనిపెట్టడమే నా ఉద్యోగం.

పొర బాగానే పనిచేసింది కానీ ఒక్క చిక్కు మాత్రం ఎంతకీ పోలేదు. కరెంటు తీసేశాక కూడా అది ఆరిపోయేది కాదు. బయటివైపు ఏదో మసక వెలుగు, నీళ్ళలో కదిలినట్టు కదులుతూ ఉండిపోయేది. లోపం పొరలోనే ఉందనుకుని ఆరు నెలలు దాన్ని తిట్టాను. చివరికి విసుగెత్తి, ఆ మిగులు వెలుగంతా ఒక్క ఊపులో బయటికి లాగి పారేసే మీట ఒకటి పెట్టాను. ప్రతి పండుకూ పరీక్ష అవ్వగానే ఆ మీట నొక్కేదాన్ని. చెత్త ఊడ్చేసినంత తృప్తిగా ఉండేది. అప్పుడు ఏం ఊడ్చి పారేశానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి నాకే పనికిరానిదిగా కనిపిస్తుంది.

అది చెత్త కాదని నాకు చెప్పింది గంగరత్న.

గంగరత్న మా దగ్గర పళ్ళు వేరుచేసే పిల్ల. ఇరవై ఒక్కేళ్ళు. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాస్తూ ఉండగా మే నెలలో తల్లి పోయింది. ఆ తర్వాత ఊరికి తిరిగి వెళ్ళకుండా టౌనులో గది తీసుకుని జూన్ నుంచి మా దగ్గర పనిలో చేరింది. కాయను అరచేతిలో ఒక్కసారి ఎగరేసి పట్టుకుంటే చాలు, ఏ బుట్టలోదో తేల్చేస్తుంది. నా పొరకు పట్టే సమయంలో ఆమె పది కాయలు తేల్చేది, దాంతో నాకు కొంచెం మంటగా కూడా ఉండేది. మాట మాత్రం ముత్యం రాల్చినంత అరుదు. మా చల్లగదిలో నిలవున్న దానిమ్మల్లో సగం వాళ్ళ నాన్న ఎర్రిస్వామి తోటవే అయినా, ఆయన కాయలు దింపడానికి వచ్చినప్పుడు ఆమె లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. ఏమిటమ్మా ఇది అని ఒకసారి అడిగాను. కాయలు చూసుకోవాలి మేడం అంది. ఇంకేం అడుగుతాను?

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, మీట పాడైంది. మిగులు వెలుగు ఒక్క ఊపులో పోకుండా సన్నగా, తాపీగా బయటికి రావడం మొదలుపెట్టింది. గదిలో దీపాలన్నీ ఆపి, ఎక్కడ పోయిందా అని వైర్లు తడుముకుంటున్నాను. తలెత్తేసరికి బల్ల మీది పండు చిలకపచ్చగా మెరుస్తోంది. రంగు పండు మీద ఆగలేదు. గోడలకూ, నా చేతులకూ, పైకప్పుకూ పాకింది. పచ్చటి వెలుగులో చిన్న చిన్న గళ్ళు, వాటికింద పసుప్పచ్చ అంచు. అంచు గాలికి ఊగుతోంది. కిటికీ లేని గదిలో గాలెక్కడిది?

పళ్ళ ట్రే పట్టుకుని లోపలికొచ్చిన గంగరత్న గుమ్మంలోనే ఆగిపోయింది. ట్రే మెల్లగా కింద పెట్టింది.

"మేడం, ఇది మా అమ్మ చీర."

నేను నవ్వబోయాను. ఆమె దగ్గరికొచ్చి అంచుకు జానెడు పైన ఒకచోట వేలు పెట్టి చూపించింది. అక్కడ గళ్ళు తెగి, ముక్కోణంలో నీడ ఉంది. ఇంటి ముందు కంచెకు తగులుకుని చిరిగితే తనే తెల్లదారంతో కుట్టానని, దారం కలవలేదని వాళ్ళమ్మ నెలరోజులు సణిగిందని చెప్పింది. అంత పొడుగు మాట ఆమె నోట వినడం నాకదే మొదలు.

మా వైపు ఎండాకాలంలో దానిమ్మచెట్లకు పాత చీరలు కప్పుతారు. తెలియనివాళ్ళు రోడ్డుమీద పోతూ ఆశ్చర్యపోతారు కానీ, మే నెల ఎండ నేరుగా తగిలితే కాయకు ఒకవైపు తొక్క కాలి గోధుమరంగు మచ్చ పడుతుంది. దాన్ని ఎండదెబ్బ అంటారు. ఆ కాయను ఎవరూ ముట్టరు. అందుకని ఇంట్లో ఉన్నవీ, ఊళ్ళో అడిగి తెచ్చినవీ, సంతలో మూటలుగా దొరికేవీ చీరలన్నీ తోటకే వెళ్తాయి. దూరం నుంచి చూస్తే వందలమంది ఆడవాళ్ళు ఏదో పంచాయితీకి వచ్చి కూర్చున్నట్టుంటుంది.

ఆ రోజు నుంచి మాకు పండు చూడటమే పనైంది. మీటను బాగుచేయకుండా, వెలుగును ఇంకా నెమ్మదిగా లాగే సన్నని తిప్పుడుపిడి ఒకటి పెట్టాను. పండు చెట్టున ఉన్నన్ని రోజుల ఎండనూ తన తొక్కలో ఏ రంధ్రానికి తగిలింది ఆ రంధ్రంలోనే దాచుకుంటోంది. అంత దగ్గరగా అతుక్కునే దీపం దానికి ఇంతకుముందు ఎవరూ చుట్టలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. నా పొర ఆ ఎండను బయటికి పిలుస్తోంది. చివర దాచింది ముందు వస్తుంది. కాయ కోసిన ఉదయం ముందు, దాని ముందటి సాయంత్రం తర్వాత, అలా వెనక్కి వెనక్కి పూత దాకా. మామూలుగా తిప్పితే ఒక రోజు ఒక నిమిషంలో పోతుంది. ఇంకా సన్నగా తిప్పితే నిజంగా గడిచినంత నెమ్మదిగా కూడా లాగొచ్చు.

ఆ నెలంతా నేను కలలో నడిచినట్టు నడిచాను. మధ్యాహ్నం భోజనం మరిచిపోయి చీకట్లో కూర్చుని, గులాబీరంగు పొద్దుల్లోనూ నీలం పొద్దుల్లోనూ ఈదేదాన్ని. ఒక పండులో పువ్వుల చీర, ఒక పండులో ఎవరిదో పెళ్ళిచీర జరీ, ఒక దాంట్లో చీర మీద వాలిన పిట్ట కాళ్ళ నీడ. సూర్యుడు పడమట మొలిచి తూర్పున అస్తమించేవాడు. వాన నేల మీంచి లేచి మబ్బులోకి పోయేది. గంగరత్న నా పక్కన స్టూలు మీద కూర్చుని ఏ చీర ఎవరిదో చెప్పేది.

దీని ఖరీదేమిటో నా నాలుక కనిపెట్టింది. పరీక్ష అయిన పళ్ళను అంతవరకూ కోయకుండానే పంపేసేవాళ్ళం, ఆ నెలలోనే మొదటిసారి ఒకటి కోసుకున్నాం. ఎండ లాగేసిన పండు కోస్తే లోపల గింజలు కర్పూరంలా తెల్లగా ఉన్నాయి. నోట్లో వేసుకుంటే నీళ్ళు. తీపి కొలిచి చూస్తే ముందెంతో ఇప్పుడూ అంతే, ఒక్క పిసరు తగ్గలేదు. అయినా నాలుకకు అందలేదు. మా సంస్థ పెద్ద మౌళి సారు ఒక గింజ కొరికి, ఏమిటమ్మా దీన్ని చంపేశావు అన్నారు. ఆయనకది తమాషా మాట. నాకా పూట అన్నం సయించలేదు.

అయినా సారు సంబరం తక్కువేం కాదు. బెంగుళూరు నుంచి ఒక కంపెనీవాళ్ళు పొరను చూడటానికి సెప్టెంబరు ఆఖరులో వస్తున్నారు. వాళ్ళకు చీరలు చూపిస్తే ఏం లాభం, మనుషులు కనబడాలి, ముఖాలు కనబడాలి, గుడ్డ కప్పని పండు ఒకటి వెతుకు అన్నారు. నిలవకు మేము ఏరి తెచ్చినవన్నీ మొదటిరకం కాయలు. మొదటిరకం అంటేనే పువ్వు రాలిన దగ్గర్నుంచి కోసేదాకా చీరమాటున పెరిగినవి. ఎంత మంచి కాయ అయితే అంత తక్కువ లోకం చూసిందన్నమాట.

గుడ్డ లేని కాయలు నా దగ్గర ఒకప్పుడు ఆరున్నాయి. చెడ్డ పండు ఎలా ఉంటుందో పొరకు నేర్పాలి కదా, అందుకని జూన్ ఆఖరులో ఎర్రిస్వామి తోటలో ఎండదెబ్బ తిన్న కాయలు ఆరు అడిగి తెచ్చుకుని, డబ్బా మీద 'పనికిరానివి' అని రాసి పెట్టుకున్నాను. ఐదింటిని జులైలోనే పరీక్షించాను. పరీక్షించి మీట నొక్కాను. అంటే ఐదు పళ్ళ ఎండనూ చెత్త అనుకుని ఒక్క ఊపులో పారేశాను. ఒకటి మిగిలింది.

ఆ డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసేసరికి గంగరత్న ముఖం మాడిపోయింది. అది ఏ చెట్టు కాయో ఆమెకు తెలుసు. చివరి సాలులో, బోరు పక్క చెట్టు. తోటంతటిలో ఎండదెబ్బ తిన్న చెట్టు అదొక్కటే. వాళ్ళమ్మ తిప్పక్క ఆ చెట్టు కిందే పోయింది.

అప్పుడు చెప్పింది, డబ్బా మూత చేతిలో తిప్పుతూ. మే ఇరవయ్యో తేదీ. పొద్దున తల్లీ తండ్రీ తోటకు వెళ్ళారు. మధ్యాహ్నం తిప్పక్క కుప్పకూలింది. పక్కతోట కాపలాయన బండి మీద రోడ్డుదాకా పోయి జీపు పట్టుకొచ్చేసరికి పొద్దు గూకింది. పరీక్ష రాసి హాస్టలుకు వచ్చిన గంగరత్నకు కబురందింది. ఇంటికి పోయేసరికి తల్లి వంకాయరంగు చీర కప్పుకుని పడుకుని ఉంది. అమ్మ పడిపోయినప్పుడు నువ్వెక్కడున్నావని తండ్రిని అడిగింది. మోటారు కాడ ఉన్నా అన్నాడాయన. అంతకుమించి ఒక్క మాట లేదు, ఆ రోజూ తర్వాతా. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా తన తల్లి ఆ ఎండలో ఒంటరిగా పడి ఉందని, ఈయన మోటారు గదిలో నీడన కూర్చున్నాడని ఈమె తీర్మానించుకుంది. ఆ రోజు నుంచి ఆయన్ను నాయనా అని పిలవలేదు.

"ఈ పండు చూసింది గదా మేడం. నాకు అది చెప్పల్ల," అంది.

నాకు భయం వేసింది. మిగిలింది ఒక్క పండు, అడిగేది అలాంటి సంగతి. సారుకు కావలసిందీ ఇదే పండు. రెండు రోజులు ఏదో ఒక వంక పెట్టి దాటేశాను. మూడో రోజు ఎర్రిస్వామి వచ్చాడు.

ఉతికిన చొక్కా వేసుకుని, గుడ్డసంచి మడిచి చంకలో పెట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. మాది పెద్ద సంస్థ అని కాదు, ఆయన ఎక్కడైనా అంతే. వచ్చే మంగళవారం పెద్దల అమావాస్య అని, ఇంటిదానికి మొదటిసారి పెట్టుకుంటున్నామని, మీరు పట్టుకొచ్చిన బోరుపక్క చెట్టు కాయలు ఏమైనా ఉంటే ఒక్కటి ఇప్పించమని అడిగాడు. ఆ చెట్టంటే తిప్పక్కకు పాణమట. మిగతా కాయలన్నీ వ్యాపారి పక్కకు నెట్టేస్తే గుంతలో పోసేశారట. మంచి కాయలు బుట్టెడు ఇస్తానన్నాను. వద్దమ్మా, ఆ చెట్టువే కావల్ల అన్నాడు.

లోపల్నుంచి గంగరత్న వచ్చింది. నాలుగు నెలల్లో ఆమె తండ్రికి ఎదురుగా నిలబడటం అదే మొదటిసారి. పండు ఒకటే ఉందనీ, దాన్ని పొరలో పెట్టి చూడబోతున్నామనీ, చూస్తే అందులో ఆ రోజు కనబడుతుందనీ, చూశాక అది పెట్టుకోవడానికి పనికిరాదనీ నాకు చెబుతున్నట్టుగా చెప్పింది. ఎర్రిస్వామి చాలాసేపు సంచి మడతలు సరిచేసుకుంటూ ఉండిపోయాడు. ఆయన వద్దంటాడనే నేను అనుకున్నాను. అంత భయం ముఖంలో పెట్టుకున్న మనిషి ఒప్పుకుంటాడని ఎవరనుకుంటారు?

"చూడనీండమ్మా," అన్నాడు నాతో. "దానికి తెలియల్ల. నేను చెప్పలేకపోతి. పండన్నా చెప్పనీ."

నేనప్పుడు ఒక పని చేశాను, అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. సారుకు కబురు పెట్టలేదు. రికార్డు చేసే యంత్రం తీగ పెరికేశాను. చీకటి గదిలో మూడు స్టూళ్ళు వేసి, దీపాలార్పి, పండుకు పొర చుట్టి, పిడి మెల్లగా తిప్పాను.

ముందు తెల్లవారింది. అది కాయ కోసిన ఉదయం. తర్వాత వచ్చినవి గుడ్డ లేని రోజులు. మేము అప్పటిదాకా చూసినవన్నీ రంగుల నీడలైతే ఇది నేరు ఎండ. తెల్లగా, కఠినంగా, గోడల సున్నం పెచ్చులతో సహా కనబడేంత ఎండ. చీకటి గదిలో కూర్చుని నాకు చెమట పట్టింది. రోజు తర్వాత రోజు, అన్నీ ఒకటే మాదిరి, ఒక్క మనిషి నీడ లేదు. నలభై రోజులు ఆ తోట చివరి సాలులోకి ఎవరూ రాలేదు. చెట్టుకు మళ్ళీ చీర కప్పలేదు. ఎర్రిస్వామి తల దించుకుని కూర్చున్నాడు. గంగరత్న వేళ్ళ మీద రోజులు లెక్కపెడుతోంది.

నలభయ్యో రాత్రి గోడల మీద చీకటిగా వచ్చి పోయింది. ఇరవయ్యో తేదీ సాయంత్రం మొదలవబోతోంది. పిడి బాగా సన్నగా తిప్పాను.

పడమటి ఎరుపు వచ్చింది. అందులోంచి మెల్లగా, నీళ్ళలో సిరా కలిసినట్టు, వంకాయరంగు వ్యాపించింది. గంగరత్న లెక్క ఆపేసింది. ఆ చీర ఆమెకు తెలుసు. తల్లి ఒంటి మీద ఇంటికొచ్చిన చీర అది. కానీ ఇది చెట్టు మీద కప్పిన చీరలా లేదు. కప్పిన చీర గాలికి ఊగుతుంది. ఇది వణుకుతోంది. కొంచెం కిందికి జారుతుంది, వెంటనే పైకి లేస్తుంది, మళ్ళీ జారుతుంది. రెండు పక్కలా పైకి సాచిన రెండు నల్లటి గీతలు. గీతల చివర వేళ్ళు.

ఎవరో మనిషి, చెట్టుకూ సూర్యుడికీ మధ్య నిలబడి, చీరను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు.

పొద్దు వెనక్కి పోయింది. సూర్యుడు పైకెక్కుతూ ఉంటే చీర కూడా దానితోపాటు తిరుగుతోంది. ఎండ ఎటు నుంచి వస్తే అటు ఆ చేతులు జరిగాయి. ఆరు గంటలు, ఐదు, నాలుగు. వెనక్కి పోయేకొద్దీ వణుకు తగ్గింది. చేతులకు బలం వస్తోంది. గది నిండా వంకాయరంగు నీడ, అందులో చిన్న చిన్న ఆకుల చప్పుడు లేని కదలిక. చీర కింద నేల మీద ఏముందో పండుకు కనబడలేదు. కనబడాల్సిన పనీ లేదు.

ఎర్రిస్వామి మాట్లాడాడు. గొంతు తగ్గించి, గోడతో చెబుతున్నట్టు.

"మోటారేసి పావుగంటకి వస్తి, అప్పటికే పడిపోయుండె. కదిలియ్యొద్దనింది. ఎండ మొగాన పడతాంది అనింది. ఆ రెండు మాటలే. చెట్టు మీది చీర పెరికి అడ్డం పట్టుకుంటి." తలెత్తి గోడ మీది చేతులను చూశాడు. "ఎప్పుడు పాయెనో నాకు తెలీదమ్మా. చేతులు దించితే తెలుస్తాదని దించలా."

పిడి మీద నా వేళ్ళు అలాగే ఉన్నాయి. మూడు గంటలైంది, రెండైంది. ఇక కొద్ది నిమిషాల్లో ఏం వస్తుందో నాకు తెలుసు. చీర చెట్టు మీది నుంచి పెరికిన క్షణం, ఒక్కసారి తెల్లటి మెరుపు. దాని వెనక, చీర చెట్టు మీదే ఉన్న పావుగంట. తిప్పక్క నీడ కూలిపోవడం, ఎవరూ రాకపోవడం. కరెంటు వచ్చే వేళైందని ఎర్రిస్వామి మోటారు దగ్గరికి పోయిన పావుగంట అది. ఆయన నాలుగు నెలలుగా మోస్తున్నది దాన్నే, దాని తర్వాతి ఐదు గంటలను కాదు. అది దాటితే ఇంకా వెనక, తొంభై రోజుల తిప్పక్క. పల్చటి చీరకవతల తిరుగుతూ, అంచు ఎత్తి కాయలు చూసుకుంటూ, ఎండ వెనకేసుకుని లోపలికి తొంగిచూస్తూ.

ఎర్రిస్వామి స్టూలు అంచుకు జరిగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద బిగించి పెట్టుకున్నాడు. తీర్పు వినడానికి కూర్చున్న మనిషి అలాగే కూర్చుంటాడు.

గంగరత్న చెయ్యి చాచి నా వేళ్ళ మీద పెట్టింది.

"చాలు మేడం. ఆపండి."

ఇంకొంచెం ఓర్చుకుంటే మీ అమ్మ నడుస్తూ కనబడుతుందని చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. నాకూ చూడాలని ఉంది, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మిగిలింది దాంట్లోనే ఉండనీండి."

పిడి వెనక్కి తిప్పాను. వంకాయరంగు గోడల మీంచి జారి, బల్ల మీదికి వచ్చి, పండులోకి పోయింది. దీపం వేసేసరికి ఎర్రిస్వామి కూతురి వైపు చూస్తున్నాడు. ఆమె ఎక్కడ ఆపిందో ఆయనకు తెలుసు. ఎందుకు ఆపిందో కూడా తెలుసు. పొర విప్పి పండును ఆయన సంచిలో పెట్టాను. అది చల్లగా ఉంది, ఎప్పటిలాగే ఎండదెబ్బ మచ్చతో, ఎవరూ ముట్టని పండులా.

మౌళి సారు నాతో వారం రోజులు మాట్లాడలేదు. రికార్డు కూడా చేయలేదా అని ఒక్కమాట అడిగి, నా సమాధానం విని, కళ్ళజోడు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. కంపెనీవాళ్ళు వచ్చి, తీపి కొలిచే పొరను మెచ్చుకుని, చీరలను వింతగా చూసి, కాఫీ తాగి వెళ్ళారు. నేను పొరను మార్చాను. ఇప్పుడది తన వెలుగు తాను పంపి, తన వెలుగు తాను తీసుకుంటుంది. పండు దాచుకున్నదాని జోలికి పోదు. తిప్పుడుపిడి బీరువాలో ఉంది, తాళం నా దగ్గరుంది. మళ్ళీ తీస్తానా అంటే ఒట్టు వేసి చెప్పలేను.

పెద్దల అమావాస్య రోజు నన్ను కూడా రమ్మన్నారు. వెళ్ళాను. వాళ్ళ ఇల్లు చిన్నది, ముందు వేపకొమ్మల పందిరి. తిప్పక్క ఫోటో ముందు విస్తరి వేసి, ఓలిగలు, చిత్రాన్నం, అలసందవడలు పెట్టారు. వంటంతా గంగరత్న చేసింది. ముందురోజే వచ్చిందట. తండ్రీకూతుళ్ళ మధ్య ఉప్పు తే, నీళ్ళు పెట్టు లాంటి మాటలే నడుస్తున్నాయి కానీ నడుస్తున్నాయి. చివర్న ఎర్రిస్వామి పండు తెచ్చి విస్తరి పక్కన పెట్టాడు. మచ్చ ఉన్నవైపు కనబడకుండా గోడవైపు తిప్పి పెట్టాడు. గంగరత్న చూసి, దాన్ని మళ్ళీ ఇటు తిప్పింది.

దండం పెట్టుకుని కాసేపు బయట కూర్చున్నాం. తర్వాత లోపలికెళ్ళి ఎర్రిస్వామి పండు చేతిలోకి తీసుకుని, బొటనవేళ్ళతో రెండుగా విప్పాడు.

మచ్చ ఉన్న పక్క మూడోవంతు గింజలు తెల్లగా ఉన్నాయి. అవి తిప్పక్క లేని నలభై రోజులు, వాటి చివర్న ఆ ఒక్క సాయంత్రం. మిగతా రెండు వంతులూ ఎర్రగా ఉన్నాయి. అంత ఎరుపు నేను పద్నాలుగేళ్ళలో ఏ పండులోనూ చూడలేదు.

ఎర్రిస్వామి ఎర్రటి గింజలన్నీ ఒలిచి కూతురి దోసిట్లో పోశాడు. నాకు వద్దన్నా వినకుండా పిడికెడు పెట్టాడు. తెల్లవన్నీ తన అరచేతిలో వేసుకున్నాడు. అవి తన వంతు అన్నట్టు, అందులో ఇంకో మాటకు చోటు లేనట్టు వేసుకుని, నోటి దగ్గరికి తీసుకుపోయాడు.

గంగరత్న ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ అరచేతిలోంచి సగం తెల్లగింజలు తీసి తన నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. వాటికి రుచి లేదని నాకు తెలుసు, నీళ్ళు నమిలినట్టుంటుంది. ఆమె ముఖం చిట్లించలేదు. మింగి, తన దోసిట్లోని ఎర్రటివి సగం ఆయన చేతిలో పోసింది.

"ఇవి కూడా తిను, నాయనా," అంది.

ఆయన తిన్నాడు. ఒక్కొక్క గింజే, చాలాసేపు తిన్నాడు. నా వంతువి నేను నోట్లో వేసుకున్నాను. తియ్యగా, కొంచెం వగరుగా, చల్లగదిలో మూడు నెలలు ఉన్న పండైనా లోపల గోరువెచ్చగా ఉన్నాయి.